నేను కనుక్కున్న మెకానిక్కు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు యాభై నాలుగేళ్ళు పట్టింది. మా ఆవిడకు మాత్రం పెళ్ళయిన మొదటి వారంలోనే తెలిసిపోయిందట. ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. పొద్దున షట్టరు లేపి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తూనే, పక్క అంగడి ముందు ఏ ఊరి కారు ఆగిందో ఓరకంట చూసుకునే మనిషిని నేను. ఎదురంగడిలో పెళ్ళి బేరం దిగితే ఆ రోజు నాకు అన్నం సయించదు. ఇలాంటివాడు ఒక కారు మెకానిక్కు కోసం కుళ్ళుకున్నాడంటే మీకు నవ్వు రావచ్చు. కొంతకాలం నాకూ నవ్వే వచ్చింది. తర్వాత జరిగింది మాత్రం ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ముందు ఆయన దొరికిన సంగతి చెప్పాలి. జరీ అసలుదో నకిలీదో నేను గోరుతో గీరి చెప్పగలను. కాని కారు బానెట్టు లేపితే నాకు లోపలంతా నల్లగానే కనిపిస్తుంది. ఆ సంగతి నా మొహంలో తెలిసిపోతుందేమో, చేతికి గ్రీసు అంటినవాడల్లా నన్ను ముంచాడు. ఒకాయన బాగున్న బ్యాటరీ తీసి కొత్తది వేశాడు. ఇంకొకాయన క్లచ్చు ప్లేట్లు అరిగిపోయాయని బండిని నాలుగు రోజులు ఉంచుకుని, ఆ నాలుగు రోజులూ పెళ్ళాంబిడ్డలతో ఊళ్ళు తిరిగాడు. వెనక సీటు కింద వాడిపోయిన మల్లెపూలు దొరికాయి. అవి ఎవరివని మా ఇంట్లో అడిగినప్పుడు నేను చెప్పిన నిజం ఎవరూ నమ్మలేదు. బేరంలో ఘటికుడని బజారులో పేరున్న నేను, పానా పట్టుకున్న ప్రతివాడి ముందూ నోరు మూసుకుని నిలబడేవాణ్ణి.

మూడేళ్ళ కిందట మే నెలలో అనంతపురం నుంచి తిరిగి వస్తున్నాను. ఆ ఉదయమే అక్కడొక వర్క్‌షాపులో బండి చూపించాను. ఇంజను ఊరికే వేడెక్కుతోందంటే, గాస్కెట్టు పోయింది, ఇంజను దించాలి, వారం పడుతుందన్నారు. ఆలోచించుకుని చెబుతానని బయటపడ్డాను. బత్తలపల్లె దగ్గరికి వచ్చేసరికి వేడి చూపించే ముల్లు చివరిదాకా పోయింది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపించింది. ముందు విప్పి పెట్టిన ట్రాక్టరు ఉంది, బోర్డు లేదు. లోపలి నుంచి నలభై దాటిన సన్నటి మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆపేయ్ సావుకారీ, ఆపేయ్. మూత ముట్టుకోవద్దు, సెయ్యి కాలుతాది."

నేను సావుకారినని ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. అరగంట చల్లారనిచ్చాడు. తర్వాత లోపలికి చేయి పెట్టి తడిమి, ఒక నీళ్ళ గొట్టం పట్టుకుని కదిలించి చూశాడు.

"దీని క్లిప్పు వదులైండాది. నీళ్ళు కారిపోతాండాయి. ఇంగేం ల్యా."

"గాస్కెట్టు పోయిందన్నారే?"

"యాడికీ పోలేదప్పా అది. ఆన్నే ఉండాది."

క్లిప్పు బిగించి, నీళ్ళు పోసి, స్టార్టు చేయమన్నాడు. నేను జేబులో చేయి పెడితే, "బిగించినదానికి దుడ్లేంది?" అని అవతలికి తిరిగాడు. నాకు సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. ఊరికే చేసిపెట్టేవాడు తర్వాత దేనికి ఎసరు పెడతాడో అని మా బజారులో పుట్టిన ప్రతివాడికీ అనిపిస్తుంది. అంతలో ఆయనే అన్నాడు:

"బండిలో ఇంగోటేదో సప్పుడుండాది. నువ్వు వచ్చేటప్పుడు విన్యా. ఒక రౌండు పోదాం పా."

నేను మర్యాదకు ముందు తలుపు తెరిచాను. ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కి, సీటుకు తల ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "మాట్లాడొద్దు, పోనీ," అన్నాడు. వాన కోసం దున్నిపెట్టిన ఎర్రటి చేల మధ్య మూడు కిలోమీటర్లు పోయాం. మనిషి నిద్రపోయాడనుకున్నాను. ఉన్నట్టుండి, "ఆ గతుకులో మళ్ళా ఒకతూరి దించు," అన్నాడు. దించాను. షెడ్డుకు తిరిగి వచ్చాక డిక్కీ తెరిచి, కిందికి చేయి పెట్టి, జాకీ తీసి చూపించాడు. దాన్ని బిగించే మర ఊడిపోయి, అది ఏడాదిగా అక్కడ దొర్లుతోంది. ఆ చప్పుడు పోవాలంటే చక్రాల కింద సామానంతా మార్చాలని నాకు ఇద్దరు చెప్పి ఉన్నారు.

ఆ సాయంత్రం నా సంతోషం అంతా ఇంతా కాదు. మా ఆవిడకు మూడుసార్లు చెప్పాను. బజారులో మాత్రం నోరు విప్పలేదు. నెలకొకసారి ఏదో ఒక వంక పెట్టుకుని బత్తలపల్లె పోయేవాణ్ణి. ఆయన గాలి కొట్టి ఫిల్టరులోంచి ఎర్ర దుమ్ము దులిపేవాడు, తర్వాత వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు, నేను మాట్లాడకుండా నడిపేవాణ్ణి. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన సావుకారీ అనేవాడు. బండి ఎవరికి చూపిస్తున్నావప్పా అని బజారులో అడిగితే, ఎవరో ఒకరికి చూపిస్తున్నాలే అని మాట తప్పించేవాణ్ణి. మంచి నేతగాడు దొరికితే మేము ఎలా దాచుకుంటామో అలాగే దాచుకున్నాను.

దాచింది బయటపడింది మా ఇంట్లోంచే. మా ఆవిడ ఫోనులో చెల్లెలికి చెప్పేసింది. ఆ చెల్లెలి భర్త, అంటే మా తోడల్లుడు, అనంతపురంలో ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ అమ్మే అంగడి పెట్టుకున్నాడు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నన్ను నోరారా అన్నా అంటాడు. ఆయన మీద నాకు కోపం రావడానికి కారణం ఏమీ లేదు, అదే నా కోపం. ఆయన గడపలో కాలు పెడితే మా అత్తగారు లోపలి నుంచి పరుగున వస్తుంది. పండగనాడు నా ఓళిగ మీద పడిన నెయ్యీ, ఆయన ఓళిగ మీద పడిన నెయ్యీ కళ్ళతో కొలిచి, చేతులు కడుక్కున్నాక కూడా మరచిపోలేని మనిషిని నేను. ఇంటికి వచ్చిన ప్లంబరుతో కూడా ఆయన పది నిమిషాల్లో చుట్టరికం కలుపుతాడు. నాకు ఎదురింటివాడితో మాట కలపడానికి నాలుగేళ్ళు పట్టింది.

అనంతపురానికీ ధర్మవరానికీ నడుమ ఉన్న ఊరు కాబట్టి బత్తలపల్లె ఆయనకూ పెద్ద దూరం కాదు. ఒక ఆదివారం నేను పోయేసరికి షెడ్డులో ఎవరూ లేరు, మా తోడల్లుడి తెల్ల కారు రోడ్డు మీద వస్తూ కనిపించింది. రౌండు ముగించుకుని వస్తున్నారు. భాయ్ ముందు సీట్లో ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి, నోరు కూడా తెరిచే ఉంది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. బండి దిగుతూ, "నువ్వు సానా గట్టోనివి అన్నా," అన్నాడు భాయ్. అన్నా! వయసులో నాకంటే చిన్నవాడు ఆయనకు అన్న అయ్యాడు, నేను సావుకారిని. నా బండిలో వెనక కూర్చుని నోరు మెదపని మనిషి, ఆయన బండిలో ముందు సీటెక్కి కబుర్లు చెబుతున్నాడు. మా వైపు ముందు సీటంటే పెద్దరికం, దగ్గరితనం.

"అన్నా, నువ్వు చెప్పకపోయినా కనుక్కున్న్యా చూడు," అన్నాడు మా తోడల్లుడు నవ్వుతూ. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. ఏదైనా మంచిది దొరికితే పదిమందికి పంచితేగాని ఆయనకు నిద్ర పట్టదు. మా బజారులో సగం మందికి ఆయనే చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆ షెడ్డు ముందు ధర్మవరం కార్లు వరుసకట్టాయి. భాయ్ ట్రాక్టర్లూ ఆటోలూ తీసుకోవడం మానేసి, వాటిని ఊళ్ళో ఇంకొక షెడ్డుకు పంపించసాగాడు. నేను కనుక్కున్న మెకానిక్కు దగ్గర నేనే వంతు కోసం స్టూలు మీద కూర్చోవలసి వచ్చింది. రంజానుకు మా తోడల్లుడు భాయ్ వాళ్ళింటికి పోయి సేమ్యాల పాయసం తాగి వచ్చాడని మా ఆవిడ చెప్పింది. నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే నేను పోయేవాణ్ణో లేదో, అది వేరే సంగతి. పిలవలేదు కదా అని మూడు రోజులు నలిగాను.

ఇక్కడ మా బజారు అలవాటు ఒకటి చెప్పాలి. మేము ఎవరి సరుకునూ చెడ్డదని నోటితో అనం. నేతగాడు చీర తెచ్చి పరిచినప్పుడు అంచు మీద గోరు పెట్టి ఒకసారి గీరి, చేయి వెనక్కి తీసుకుని, "ఏమో మరి," అంటాం. అంతే. ఆ మాట సాయంత్రానికి నాలుగు అంగళ్ళు తిరుగుతుంది. ఆ నెలలో ఆ మనిషి చీర ఎవరూ కొనరు. ఎవరైనా వచ్చి నిలదీస్తే, నేనేమన్నాను, ఏమీ అనలేదే అనవచ్చు. ఆ మాట తేలిగ్గా నోట్లోంచి రానీయవద్దని మా నాయన నన్ను అంగడిలో కూర్చోబెట్టిన మొదటి రోజే చెప్పాడు. నేను ముప్పై ఏళ్ళలో మూడుసార్లు వాడాను, మూడుసార్లూ సరుకులో నిజంగా లోపం ఉంది.

నాలుగోసారి మా బంధువుల గృహప్రవేశంలో వాడాను. భోజనాలయ్యాక మగవాళ్ళం ఎనిమిది మందిమి చాప మీద కూర్చుని వక్కాకు వేసుకుంటున్నాం. ఒకాయన తన బండి మైలేజీ పడిపోయిందన్నాడు. వెంటనే మా తోడల్లుడు అందుకున్నాడు:

"బత్తలపల్లెలో మా భాయ్ ఉండాడు కదా, ఆయన తావికి తీసుకపో. మా భాయ్ సెయ్యి పడితే బండి పాట పాడతాది."

మా భాయ్! అందరూ తలలూపారు. కనిపెట్టినవాణ్ణి నేను అక్కడే కూర్చుని ఉన్నానని ఒక్కరికీ గుర్తు లేదు. నా చేతిలో ఆకు ఉంది, దానికి సున్నం రాస్తున్నాను. తల ఎత్తకుండా అన్నాను:

"ఏమో మరి. ఈ మధ్య సామాను సంగతి... ఏమో. మనకెందుకులే."

అక్కడున్నవాళ్ళంతా బజారువాళ్ళు. ఒక్కరూ ఏమైందని అడగలేదు. మైలేజీ మాట మారి వానల మాట మొదలైంది. మా తోడల్లుడు మాత్రం నావైపు కాసేపు చూసి తల దించుకున్నాడు. నాకు ఆ క్షణంలో చల్లగా ఉంది. ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను, అది కూడా చెప్పాలి.

రెండు నెలల్లో షెడ్డు ఖాళీ అయింది. మొదట వరుస తగ్గింది, తర్వాత వరుసే లేకుండా పోయింది. పాత సామాను కడిగి కొత్తదని వేస్తాడట అని ఒకరు నాకే చెప్పారు. నేను అనని మాటలు అవి. నేను ఏమీ అనలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు బాగానే ఉండేది. ఎప్పుడు పోయినా భాయ్ నా కోసమే ఉన్నట్టు లేచి వచ్చేవాడు. టీ తెప్పించేవాడు. నేను మొదట చూసిన షెడ్డు నాకు తిరిగి దొరికింది అనుకున్నాను.

మడకశిరలో ఒక పెళ్ళికి పోవలసి ఉండి, దానికి ముందు బండి చూపించడానికి వెళ్ళాను. రౌండు పోదామన్నాడు. ఎప్పటిలాగే వెనక కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. గెలిచినవాడికి ఉండే కులాసా నాకు ఉంది కాబట్టి, అన్నాళ్ళూ మనసులో ఉన్నది అడిగేశాను.

"భాయ్, మావాని బండిలో ముందర కూచుంటావు. నా బండిలో వెనక కూచుంటావు. ఎందుకట్ల?"

కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "ఆయన నడిపితే కండ్లు మూసుకునేదానికి అవుతాదా సావుకారీ? బండి గాల్లో పోతాది. పక్కన కూచోని నగిస్తా ఉంటే కొంచెం నిదానంగా పోతాడు. నువ్వు నడిపితే నాకు భయం ల్యా. గుంత యాడుండాదో నువ్వు చూసుకుంటావు, నేను చెవులకు పని చెప్తా. ఇట్ల వెనక కూచునేది నీ బండిలో మాత్రమే."

ఆయనే మళ్ళీ అన్నాడు:

"సావుకారీ, ఒక మాట. బజారోళ్ళు రావడం ల్యా. ఎవురో ఏందో అన్యారంట. ఏమన్యారో కూడా నాకు తెలీదు. ట్రాక్టర్లోళ్ళు ఇంగో షెడ్డుకు అలవాటు పడినారు, వాళ్ళూ రారు. నువ్వు ఆడ ఒక మాట చెప్పల్ల. నీ మాటంటే నమ్ముతారు కదా."

చెబుతానన్నాను.

మరునాడు ఆ చాప మీద ఉన్నవాళ్ళలో నలుగురి అంగళ్ళకు పోయాను. ఆ రోజు నేను ఊరికే అన్నాను, భాయ్ పనిలో ఏ వంకా లేదు అని చెప్పాను. మొదటాయన నా భుజం తట్టి, "మంచోనివప్పా నువ్వు. పాపం, వాని పొట్ట కొట్టేదెందుకని చెప్తాండావు," అన్నాడు. రెండో ఆయన, "ఆ పొద్దు ఒకటి అంటివి, ఈ పొద్దు ఇంగోటి అంటాండావు. మధ్యలో ఏదో జరిగిండాదిలే," అని నవ్వాడు. మిగిలిన ఇద్దరూ వేరే మెకానిక్కును చూసుకున్నారు. మా బజారులో 'ఏమో మరి' అన్నవాడెవడూ దాన్ని ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు, అందుకే దాన్ని ఎలా వినాలో ఎవరికీ తెలియదు. కుళ్ళుతో అబద్ధమాడాను అని చెప్పి ఉంటే నమ్మేవాళ్ళేమో. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. నాలుగు అంగళ్ళ మెట్లు ఎక్కి దిగాను, ఒక్కచోటా రాలేదు.

చివరికి మా తోడల్లుడికి ఫోను చేశాను. నలుగురిలో మాట చెల్లేవాడు, ఆయన చెబితే వింటారు అనుకున్నాను.

"నువ్వు ఆ పొద్దు అన్నది నేను నమ్మలేదన్నా," అన్నాడు ఆయన. "అడిగితే నీకు బాగుండదని అడగలే. నేను ఇప్పటికీ ఆయన తావికే పోతాండా. బజారోళ్ళకు కూడా చెప్పి చూసినా. పెద్దోడు నువ్వన్నాక నా మాట వింటారా?"

మంచితనంలో కూడా ఆయన నాకంటే ముందే ఉన్నాడు. సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు ఆయన మీద మంటే వచ్చింది.

వారం తర్వాత బత్తలపల్లె పోయాను. బండికి ఏమీ కాలేదు. భాయ్ ఖాళీగా ఉండలేక, వచ్చాను కదా అని నా బండి ఫిల్టరు తీసి గాలి కొడుతున్నాడు. దుమ్ము ఎర్రగా లేచి ఆయన మొహం మీద పడుతోంది. ఆ మోతలో చెబితే వినిపించదేమో అనే ఆశతోనే మొదలుపెట్టాను. ఆయన గాలి ఆపేశాడు.

"ఏమన్యావు?"

"బజారులో ఆ మాట అన్నది నేనే."

ఆయన గొట్టం కింద పెట్టాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"నేనేం తప్పు చేసినా నీకు?"

"నువ్వేం చేయలేదు."

"మళ్ళెందుకు?"

యాభై నాలుగేళ్ళ మనిషిని, నెరిసిన తలతో ఆయన ఎదుట నిలబడి చెప్పాను. "వాణ్ణి అన్నా అంటివి. నన్ను సావుకారీ అంటివి."

కోప్పడతాడనుకున్నాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మొహంలో కనిపించింది కోపం కాదు, ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూశాడు.

"అడిగింటే నిన్ను కూడా అన్నా అందును కదప్పా," అన్నాడు. "సావుకారీ అనేది మర్యాద అనుకున్న్యా."

నేను తప్పయిపోయిందన్నాను. బజారులో అందరి ముందూ అసలు కారణం చెబుతానన్నాను. ఆయన ఫిల్టరు తీసుకుపోయి దాని చోట బిగించాడు, రెండుసార్లు కదిలించి చూశాడు, బానెట్టు మూశాడు. పనిలో ఏ తేడా చూపించలేదు.

"చెప్తే చెప్పు, నీ ఇష్టం. నేను నెలాఖరుకు షెడ్డు ఇడిసిపెడతాండా. అనంతపురంలో కార్ల షోరూములో పనికి రమ్మన్యారు. ఆడ ఎవురు ఏమన్నా జీతం వస్తాది."

"అనంతపురంలో యాడ?" అని అడిగాను.

వీధి పేరు చెప్పాడు. అది మా తోడల్లుడి ఇంటికి వెనక వీధి. ఒక మనిషి షెడ్డు మూయించి, ఆ షెడ్డులోనే ఆయన ముందు నిలబడి ఉన్నాను. ఆ పేరు వినగానే నా మనసులోకి ముందుగా వచ్చింది ఒక్కటే. ఇక భాయ్ పూర్తిగా వాడికే దక్కాడు కదా అని.